ఢిల్లీలో యాభై అయిదు నిమిషాలు

ఈ ప్రయాణం మాట ఎవరైనా ఎత్తితే నేను ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి పోతాను. మా అక్క మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది: "మావోళ్ళిద్దరు విమానమెక్కి గోరఖ్‌పూర్ దిక్కు పెండ్లికి పోయొచ్చిండ్రు." గొప్పగా చెప్తుంది పాపం. ఆమెకు తెలిసింది అంతే.

తెలంగాణ రాకముందు, శంషాబాద్ విమానాశ్రయం ఇంకా కొత్తగా ఉన్న రోజుల మాట ఇది. అప్పటికి గోదావరిఖనిలో విమానం ఎక్కినవాళ్ళు తక్కువ. ఎక్కనివాళ్ళకు ఉపయోగపడుతుందని నాలుగు ముక్కలు రాయమని ఒక మిత్రుడు చాలా కాలంగా అడుగుతున్నాడు. రాస్తాను. అయితే ఇందులో నా ముఖం బాగుండదు. మనుషుల పేర్లు మార్చాను. ఆ ఊరి పేరు రాయను.

గోదావరిఖని

మా బావ లింగయ్య ముప్పై ఏళ్ళు ఫిల్లర్‌గా చేశాడు. భూమి లోపల పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి పట్టాల మీది ఇనుప టబ్బులు నింపే పని అది. ఒక్కడి వల్ల అయ్యేది కాదు, జోడీ ఉండాలి. బావకు జోడీ దులారే. గోరఖ్‌పూర్ వైపు నుంచి కూలీలను తెచ్చిన కాలంలో వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళు పైగా ఇద్దరూ కలిసి టబ్బులు నింపారు. ఒకసారి పైకప్పు కూలినప్పుడు బావను కాళ్ళు పట్టి ఇవతలికి గుంజింది దులారేనే.

దులారే భార్య సుమిత్రకు తోడబుట్టిన మగవాళ్ళు లేరు. అక్కావాళ్ళ పక్క క్వార్టరే వాళ్ళది. వచ్చిన మొదటి ఏడే బావకు రాఖీ కట్టింది. అప్పటినుంచి బావ ఆమెకు అన్న. ఆమె బిడ్డ గుడియా మా కళ్ళముందే పుట్టి, మా బడిలోనే ఏడో తరగతి దాకా చదివింది. దులారే రిటైరయ్యాక కుటుంబమంతా వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. వాళ్ళు పోయాక బావ రెండు రోజులు అన్నం ముట్టలేదని అక్క ఇప్పటికీ చెప్తుంది.

బావకు ఫోన్ వినబడదు. పేలుళ్ళ మధ్య పనిచేసి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. అందుకని సుమిత్ర నా ఫోన్‌కు చేసింది.

"మల్లేశన్నా, గుడియా పెండ్లి కుదిరింది. లింగన్నకు చెప్పు. మా దిక్కు పెండ్లిల బరాత్ రాకముందు పిల్ల తల్లికి ఆమె అన్న నీళ్ళు తాగిపియ్యాలె. ఆయన రాకుంటే నాకు ఎవలు తాగిపిస్తరు?"

నేను బావ కుడిచెవి దగ్గర అరిచి చెప్పాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకొని, "ఎన్నటికట?" అని ఒక్క మాట అడిగాడు. తేదీ చెప్పాను. "రెండ్రోజుల ముందట రైలెక్కుదాం," అన్నాడు.

ఆ మాట విని ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

నేను ఓవర్‌మన్‌ను. గనిలోపల ఒక షిఫ్టు పనంతా చూసుకునే ఉద్యోగం. టైము విషయంలో నాకు మించినవాడు లేడని నా నమ్మకం. సైరన్ కూయకముందే బాయి మీద ఉండే మనిషిని. మా దగ్గర గనిని బాయి అనే అంటాం. పెండ్లి సెలవు తప్ప ఆ నెలలో ఇంకో డ్యూటీ పోగొట్టుకోలేదన్న పేరు నిలుపుకోవాలని ఒక పట్టుదల. దానికి తోడు ఇంకో ఆశ. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు ఇంజనీర్లు విమానం గురించి మనం సిటీ బస్సు గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. నాకూ అలా మాట్లాడాలని ఉండేది. నన్నెవరూ అడగకపోయినా బావ టికెట్ కూడా నేనే తీస్తానని చెప్పి, చౌరస్తాలో టికెట్లు చేసే రఫీ దుకాణానికి వెళ్ళాను.

రఫీ రెండు దారులు చూపించాడు. ముందురోజు సాయంత్రం ఢిల్లీ వెళ్ళి, రాత్రి అక్కడ ఉండి, పొద్దున బనారస్ విమానం ఎక్కడం ఒకటి. పెండ్లినాడు తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కి, ఢిల్లీలో దిగి, యాభై అయిదు నిమిషాల్లో బనారస్ విమానం అందుకోవడం రెండోది. మొదటిదానికైతే నాకు ఇంకో డ్యూటీ పోతుంది.

"సాబ్, ముందట్నాడు పోండి," అన్నాడు రఫీ. "గివి రెండు వేరే వేరే కంపెనీల టికెట్లు. ఢిల్లీల సామాను మీరే దింపుకోని మళ్ళ ఇంకో కౌంటర్ల ఇయ్యాలె. కమ్ సే కమ్ మూడు గంటలన్న లేకుంటే పరేషాన్ అయితరు."

"రఫీ భాయ్, కాజీపేటల పది నిమిషాలల్ల బండి మారిన మనిషిని నేను. యాభై అయిదు నిమిషాలంటే ఛాయ్ గూడ తాగొచ్చు."

"అది రైలు సాబ్. ఇది ఆగది."

"ఎట్ల ఆగది? టికెట్ తీసుకున్నోళ్ళు ఆడ్నే ఉన్నరని తెలిస్తె ఆగదా?"

ఇది నేను నోటికొచ్చినట్టు అన్న మాట కాదు. నిజంగానే అలా అనుకున్నాను. మా బాయి మీద డ్యూటీ బస్సు ఉంటుంది. షిఫ్టు దిగాక ఎవరైనా ఇంకా లోపలే ఉన్నారంటే, ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి బస్సు మెట్టు మీద కాలు పెట్టి, "ఆగు, మావోడు వస్తుండు," అంటాడు. డ్రైవర్ ఇంజన్ బంద్ చేసి బీడీ ముట్టిస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ బస్సు మనిషిని వదిలేసి పోవడం నేను చూడలేదు. విమానం పెద్ద బస్సే కదా అనుకున్నాను. రఫీ నన్ను ఒకసారి చూసి, యాభై అయిదు నిమిషాల టికెట్లే చేసి ఇచ్చాడు. తిరుగు ప్రయాణం మాత్రం తన ఇష్టప్రకారం చేస్తానన్నాడు. వచ్చేటప్పుడు తొందరేముంది, సరే అన్నాను.

శంషాబాద్

బావ సామాను ఒక సంచి, ఒక అట్టపెట్టె. పెట్టెకు నులక తాడు కట్టాడు. అందులో సుమిత్రకు లక్ష్మీనగర్ బజారులో కొన్న చీర, పసుపు కుంకుమ, అక్క చేసిన సకినాలు. ఆ పెట్టెను చేతిలోనే పట్టుకుంటానని బావ అంటే, పెద్దగా ఉంది, లోపలికి రానివ్వరని కౌంటర్‌లోని అమ్మాయి తీసుకొని వేరే పంపేసింది. బెల్టు మీద పెట్టె కనుమరుగయ్యేదాకా బావ అటే చూశాడు.

తనిఖీ దగ్గర మాత్రం బావ అందరికంటే ముందున్నాడు. బాయిలోకి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టెలు ఉన్నాయేమోనని ఒళ్ళంతా తడిమి చూస్తారు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ జవాను ఏమీ అనకముందే బావ రెండు చేతులూ పైకెత్తి, జేబులు బయటికి తీసి నిలబడ్డాడు. జవాను నవ్వి వెళ్ళమన్నాడు. నా దగ్గరేమో బెల్టు విప్పమని, చెప్పులు విప్పమని రెండుసార్లు వెనక్కి పంపారు.

అక్కడ ఇడ్లీ ప్లేటు ధర చూసి బావ మళ్ళీ చేతులెత్తాడు. ఆ డబ్బుకు ఖనిలో ఇంటిల్లిపాదీ తినొచ్చు. సంచిలోంచి జొన్నరొట్టె తీసి ఎర్రకారంతో తిన్నాం. ఎదురుగా సూటు వేసుకున్నాయన మా రొట్టె వంకే చూస్తుంటే బావ ఒక ముక్క ఇచ్చాడు. ఆయన కాదనకుండా తీసుకొని, తిని, నీళ్ళ కోసం పరుగెత్తాడు.

విమానంలో కిటికీ సీటు బావది. టికెట్ మీద రాసి ఉంది. నేనే కూర్చున్నాను. ఆయన అడగలేదు.

ఢిల్లీలో మంచు ఉందని విమానం కదలడమే ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. బావ నా చేతి గడియారం వైపు చూశాడు. "ఫికర్ చెయ్యకు బావా, ఇంక ముప్పై అయిదు నిమిషాలున్నయి," అని ఆయన చెవిలో అరిచాను. ముందు సీటులో ఉన్న ఒకామె వెనక్కి తిరిగి, కనెక్షన్‌కు అంతేనా సమయం అని అడిగింది. తరచుగా తిరిగే మనిషిలా ఉంది.

"టెర్మినల్ ఒకటేనా మీకు?"

టెర్మినల్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. "ఆ, ఒకటేనండి," అన్నాను. ఆమె ముందుకు తిరిగింది.

ఢిల్లీ

దిగాక బస్సులో తీసుకెళ్ళి సామాను బెల్టు దగ్గర వదిలారు. బెల్టు తిరుగుతోంది. అందరి పెట్టెలూ వస్తున్నాయి, నులక తాడు పెట్టె రావడం లేదు. అక్కడున్న ఉద్యోగిని బనారస్ విమానం ఎక్కడని అడిగితే, అది ఈ టెర్మినల్ కాదు, బయటికి వెళ్ళి బస్సెక్కాలి అన్నాడు. అంటే ఇంకో విమానాశ్రయమే అన్నమాట. బోర్డు మీద చూస్తే బనారస్ విమానం కూడా మంచు వల్ల అరగంట ఆలస్యం అని ఉంది. ప్రాణం లేచి వచ్చింది.

"బావా, నువ్వు డబ్బ తీస్కోని ఇక్కడ్నే ఉండు. ఎటు పోకు. నేను ఉరికి విమానం ఆపిస్త. ఆపినంక వచ్చి తోలుకపోత."

బావ నా పెదవులు చూసి అర్థం చేసుకొని తలూపాడు. రెండు టికెట్లూ నా జేబులోనే ఉన్నాయి. నేను పరుగెత్తాను.

ఆ రెండో చోటికి చేరేసరికి కౌంటర్ మూసేస్తున్నారు. ఎర్ర కోటు వేసుకున్న అమ్మాయి కాగితాలు సర్దుకుంటోంది. టికెట్లు ముందు పెట్టి, వచ్చీరాని హిందీలో అంతా చెప్పాను. ఆమె పక్కనున్న పెద్దాయన్ని అడిగింది. ఆయన నా చేతులు చూశాడు.

"సామాను లేదు కదా. మీరొక్కరే అయితే పంపిస్తాం. ఇప్పుడే పరుగెత్తాలి. రెండో ఆయన ఎక్కడ?"

"వస్తున్నాడు. అయిదు నిమిషాలు ఆపండి."

"ఎక్కడున్నాడు?"

ఆ టెర్మినల్ పేరు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. విసుక్కోలేదు కూడా. "ఆయన కోసం ఆగదు. మీరు వెళ్తారా లేదా చెప్పండి," అన్నాడు.

ఇక్కడ నేను అబద్ధం రాయదలచుకోలేదు. లోపలికి వెళ్ళి విమానం తలుపు దగ్గర నిలబడి ఆపిస్తానని అనుకున్నానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఆలోచన ఒక క్షణం వచ్చిన మాట నిజమే. కానీ కౌంటర్ దాటేటప్పటికే అది కుదరదని నాకు తెలిసిపోయింది. మెట్లెక్కేటప్పుడు బాగా తెలుసు. టికెట్ వృథా అవుతుంది, టైము తప్పని మనిషినన్న నా పేరు పోతుంది, ఖనిలో రఫీ ముఖం చూడాలి. ఈ మూడే నా మనసులో ఉన్నాయి. చెవులు వినబడని మనిషి, చేతిలో ఫోన్ లేని మనిషి, నేను ఉండమన్న చోట నిలబడి ఉన్నాడన్న సంగతి నాలుగోదిగా ఎక్కడో ఉంది. ఎక్కాను. తలుపు మూశారు. బాయిలో షిఫ్టు అయ్యాక ఒక్క మనిషిని కూడా లోపల వదిలి రాకూడదన్నది ఓవర్‌మన్ మొదటి పని. ఆ పని నేర్పి నాకు జీతమిచ్చారు.

బనారస్ నుంచి ఉత్తరానికి

బనారస్‌లో గంగ చూడలేదు. దులారే పంపిన జీపు విమానాశ్రయం బయట ఉంది. డ్రైవర్ రాంఅవధ్ అని యాభై ఏళ్ళ మనిషి, నోట్లో పాన్. నన్ను చూడగానే దండం పెట్టి, "మామాజీ!" అన్నాడు. పెండ్లికూతురి మేనమామ వస్తున్నాడని చెప్పి పంపారట. "ఇద్దరన్నారే?" అని వెనక్కి చూశాడు. రెండో ఆయన తర్వాత వస్తాడన్నాను. మామ నేను కాదని మాత్రం అనలేదు. అయిదున్నర గంటలు ఆయన నన్ను మామాజీ అంటూనే ఉన్నాడు, నేను పలుకుతూనే ఉన్నాను.

దారి పొడుగునా ఆవ చేలు, చెరకు. మధ్యలో ఒక దాబా దగ్గర లిట్టీ తిన్నాం. గోధుమపిండి ఉండల్లో సెనగపిండి, వెల్లుల్లి, పచ్చిమిర్చి కూరి పిడకల నిప్పుల్లో కాలుస్తారు. పక్కన కాల్చి మెదిపిన వంకాయ. మన వంకాయ బజ్జీ లాంటిదే, చింతపండు మాత్రం ఉండదు. అయిదు రూపాయలకు రెండు. రాంఅవధ్ తన డబ్బే ఇచ్చాడు. మామ దగ్గర డబ్బులు తీసుకుంటే తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలని అన్నాడు. ఆ రెండో లిట్టీ నేను పక్కన పెట్టేశాను.

జేబులో ఫోన్ ఉంది. దులారే నంబర్ ఉంది. బావ ఢిల్లీలో చిక్కుకుపోయాడు, ఎవరినైనా పంపమని చెప్పొచ్చు. ఏమని చెప్పాలో తెలియక చెయ్యలేదు. ఇది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

పెండ్లి ఇల్లు

జీపు దిగగానే దులారే ఎదురొచ్చాడు. నేను ఏమీ అనకముందే, "లింగన్న రైలుకు వస్తుండట," అన్నాడు. ఎప్పటి తెలుగో అదే తెలుగు, ఖని తెలుగు. "ఢిల్లీకెల్లి ఎవలో ఫోన్ చేసిండ్రు. రేపు పొద్దుగాల్లకు వస్త, నా కోసం ముహూర్తం ఆపకుండ్రి అని చెప్పిచ్చిండట. గిదేంది మల్లేశా? ఇద్దరు కలిసి రాలే?"

ఇంతలో సుమిత్ర లోపలినుంచి వచ్చింది. పసుపు చీర, చేతులకు పసుపు. ఆమె వెనక గుడియా.

"మామ ఏడి మల్లేశ్ మామా?" అంది ఆ పిల్ల.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను నోరు తెరిచాను.

"విమానానికి పిలుస్తనే ఉన్నరు. నేను గూడ పిలిచిన. బావకు ఇనవడలే. చెవులు పోయినయి గద. నేను ముందట ఎక్కిన, ఎనుక వస్తుండనుకున్న. తలుపు ఏసిండ్రు."

సుమిత్ర కింద కూర్చుండిపోయింది. దులారే నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం జేస్తవ్ లే," అన్నాడు. ఆ చెయ్యి తీసెయ్యమని చెప్పలేకపోయాను.

అక్కడ ఆ తంతును ఇమ్లీ ఘోటాయి అంటారు. మన దగ్గర మేనమామ పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి తెస్తాడు కదా. అక్కడ మేనమామ పని పిల్లతో కాదు, పిల్ల తల్లితో. మామిడాకు ఈనెను పిల్ల పంటితో కొరికి తల్లి దోసిట్లో పెడుతుంది. ఆ దోసిట్లో అన్న నీళ్ళు పోస్తాడు, ఆమె తాగుతుంది. "చల్లబడ్డావా?" అని అన్న అడగాలి. ఆమె అవునంటేనే అతను చీర పెడతాడు. బిడ్డను పంపుతున్న తల్లి కడుపు కాలుతూ ఉంటుంది కనుక పుట్టింటివాడు వచ్చి చల్లబరచాలట. వినగానే మనవాళ్ళకు ఈ ఆచారం ఎందుకు లేదా అనిపించింది.

పొద్దు వాలుతోంది. మగపెండ్లివారి బరాత్ బయల్దేరిందని కబురొచ్చింది. వాకిట్లో ముసలావిడలు గుసగుసలాడుకొని దులారేతో ఏదో అన్నారు. ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"ఆయన పెండ్లాం తమ్మునివి నువ్వు. ఆయన దిక్కోనివే. నువ్వే తాగిపియ్యి. వేరెవ్వలు లేరు."

"నేనెట్ల?" అన్నాను.

"ఎట్ల ఏంది? ఆమెను గట్లనే ఇడిచిపెడుదమా?"

సుమిత్ర తల ఎత్తి నన్ను చూసింది. వద్దని అంటుందనుకున్నాను, అనలేదు. వేరే దారి లేక తలూపింది. తెచ్చిన చీర బావ దగ్గరున్న పెట్టెలో ఉంది. ఆమె ఆడబిడ్డ లోపలికి వెళ్ళి, సుమిత్ర ట్రంకు పెట్టెలోంచే ఒక కొత్త చీర తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె చీరే ఆమెకు పెట్టాలి.

పీట మీద కూర్చున్నాను. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. వాళ్ళ పెండ్లిలో మామను తిడుతూ పాడతారు, సరదాకు. మామ ఖాళీ చేతులతో వచ్చాడని, మామకు పెట్టడానికి చెయ్యి రాదని. నా పేరు అడిగి తెలుసుకొని మరీ పాటలో కలిపారు. అందరూ నవ్వుతున్నారు. గుడియా ఆకు కొరికి తల్లి దోసిట్లో పెట్టింది. నేను చెంబు వంచాను. నీళ్ళు సగం ఆమె చీర మీద పడ్డాయి.

"జుడైలూ?" అని అడగమని పక్కనుంచి ఎవరో చెప్పారు. అడిగాను.

సుమిత్ర చీర మీది నీళ్ళు దులుపుకుంది. తర్వాత, "ఆ, చల్లవడ్డ మల్లన్నా," అంది తెలుగులో. ఎప్పుడూ మల్లేశన్నా అనే మనిషి. ఇంటి దేవునికి పెట్టే దండం లాగా నాకు రెండు చేతులూ జోడించింది.

పెండ్లి ఘనంగా జరిగింది. వరుసలుగా కూర్చోబెట్టి విస్తళ్ళలో పూరీలు, గుమ్మడికాయ కూర, పెరుగు, బూందీ వడ్డించారు. మాంసం లేని పెండ్లి విందు నేను తినడం అదే మొదటిసారి. బాగుందనే చెప్పాలి. ఎక్కడ కూర్చున్నా మామాజీ అంటూ ముందు నాకే వడ్డించారు.

మర్నాడు

గుడియాను పొద్దున ఎనిమిదింటికి అత్తవారి కారులో ఎక్కించారు. ఆ పిల్ల కారెక్కేముందు వీధి చివరికి రెండుసార్లు చూసింది. బావ పదింటికి వచ్చాడు.

రిక్షా దిగి, నులక తాడు పెట్టె నెత్తి మీద పెట్టుకొని నడిచి వస్తున్నాడు. రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి వచ్చాడని ఆ కాళ్ళు చూస్తేనే తెలుస్తోంది. నేను ఎదురు వెళ్ళి పెట్టె అందుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.

సుమిత్ర పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడింది. దులారే ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు: "లింగన్నా, ఏమైందే? విమానానికి పిలుస్తె ఇనవడలేదటగద నీకు!"

వాకిట్లో ఇరవై మంది ఉన్నారు. బావ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను నేల చూశాను.

"అవునే," అన్నాడు బావ. "పిలిచిండ్రట. నాకు ఇనవడలే."

"నీళ్ళు మల్లన్న తాగిపిచ్చిండు," అంది సుమిత్ర ఏడుస్తూ.

ఆమె మళ్ళీ అరిచి చెప్పాల్సి వచ్చింది. బావ విన్నాడు. "మంచిగైంది," అన్నాడు. పెట్టె విప్పాడు. సకినాలన్నీ పొడి పొడి అయ్యాయి. దులారే ఆ పొడే పిడికిట్లోకి తీసుకొని తిని, అక్క చేతి నువ్వుల వాసన అదేనని పొంగిపోయాడు. బావ చీర తీసి సుమిత్రకు ఇచ్చాడు. "ఇప్పుడు నువ్వు తాగిపియ్యన్నా, నువ్వు గూడ ఒకసారి," అని ఆమె చెంబు తెచ్చింది. బావ తల అడ్డంగా ఊపి, "అది ఒక్కపారే బిడ్డా," అన్నాడు. ఆ చెంబు నీళ్ళు తనే తాగాడు. నిన్నటినుంచి సరిగా నీళ్ళు తాగలేదట.

ఢిల్లీలో ఏం జరిగిందో ఆయన నాకు చెప్పలేదు. దులారేకు చెప్తుంటే పక్కనుంచి విన్నాను. నేను వెళ్ళిన పది నిమిషాలకే పెట్టె వచ్చింది. బావ దాన్ని పట్టుకొని అక్కడే నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. పాయిఖానాకు కూడా వెళ్ళలేదట. ఎందుకో ఆయన దులారేకు చెప్పలేదు; ఎటూ పోవద్దన్నాను కదా, వెతుక్కుంటూ వస్తానేమో, తను కనిపించకపోతే కంగారుపడతానేమో అని, నాకు మాత్రం అర్థమైంది. చివరికి సామాను మోసే మనిషి ఒకడు గమనించి పలకరించాడు. వాడిది గోరఖ్‌పూర్ పక్కనున్న దేవరియా వైపు. ఇరవై ఏళ్ళు దులారే దగ్గర నేర్చుకున్న భాషలో బావ మాట్లాడేసరికి వాడు ఆశ్చర్యపోయి, బావ సంచిలోని పెండ్లి పత్రిక మీది నంబర్‌కు ఫోన్ చేసి, సాయంత్రం రైలెక్కించాడట. వీటన్నిటి మధ్య నా పేరు రాకుండా బావ చెప్పాడు. ఎంత జాగ్రత్తగా చెప్పాడంటే దులారే ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

బావ నా పరువు కాపాడాడు అనుకున్నాను. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంతటి మనిషికా నేను ఇలా చేసింది అనుకున్నాను. ఆ అనుకోవడంలో కొంత సుఖం కూడా ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

మళ్ళీ ఢిల్లీ

తిరుగు టికెట్లు రఫీ తన ఇష్టప్రకారం చేశాడని చెప్పాను కదా. బనారస్ నుంచి వచ్చిన విమానానికీ హైదరాబాద్ వెళ్ళే విమానానికీ మధ్య తొమ్మిది గంటలు పెట్టాడు. సామాను తీసుకున్నాం, టెర్మినల్ మారాం, ఇచ్చేశాం, తనిఖీ అయింది. అంతా కలిపి రెండున్నర గంటలు పట్టింది. కొత్తగా వెళ్ళేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసంలో మీకు పనికొచ్చే ముక్క ఇదొక్కటే.

వరుసగా ఉన్న ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. రెండు రోజులుగా బావ నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు. తిన్నవా, సంచి ఏది, పోదమా, అంతే. నాకు ఉండబట్టలేదు.

"బావా, నేను అబద్ధం చెప్పిన," అన్నాను.

"ఆఁ?" అన్నాడు చెవి ముందుకు పెట్టి.

"నేను అబద్ధం చెప్పిన! నీకు ఇనవడలేదని అబద్ధం చెప్పిన! నేనే నిన్ను ఇడిచిపెట్టి ఎక్కిన!"

చెవిటి మనిషి ముందు తప్పు ఒప్పుకోవాలంటే అరిచే ఒప్పుకోవాలి. ఆ హాలులో మావైపు తిరగని తల లేదు. వెనక వరుసలో కుటుంబం ఒకటి తెలుగువాళ్ళు. వాళ్ళ మాటలు ఆగిపోయాయి.

"తెల్సు," అన్నాడు బావ. ఆయనదీ పెద్ద గొంతే, వినబడనివాళ్ళందరిలాగే. "ఉరికేటప్పుడే తెల్సు నాకు. ఎనుకకు సూడలే నువ్వు."

"మరి అందరి ముందట అవునని ఎందుకన్నవ్? నన్నెందుకు కాపాడినవ్?"

బావ నన్ను అప్పుడు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. కోపం లేదు అందులో. కోపముంటే బాగుండేది.

"నిన్ను కాపాడిననా? గట్లనుకున్నవా నువ్వు?"

నేను తలూపాను.

"ఆ ఆడివిల్ల బిడ్డ పెండ్లిల నీ చేతుల నీళ్ళు తాగింది. కడుపుల పడ్డయి. ఇగ అవి బయటికొస్తయా? మనిషిని ఇడిచి ఉరికినోని చేతుల తాగిన అని తెలిస్తె ఆమె ఏం గావాలె? బతికినన్ని దినాలు గదే యాది చేస్కుంట కుములాలె? ఆమె కోసం అవునన్న నేను. నీ కోసం గాదు." కండువా దులిపి భుజం మీద వేసుకున్నాడు. "నువ్వు గూడ ఆమెకు ఎన్నడు చెప్పకు. చెప్పి నీ బరువు దించుకుందమని సూడకు. నీ దగ్గర్నే ఉండనియ్యి."

వెనక వరుసలో పసిపిల్ల ఏదో అడిగితే వాళ్ళమ్మ ఊరుకోమంది.

బావ లేచి ఛాయ్ తాగొస్తానని వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. విమానానికి ఇంకా అయిదు గంటల సమయం ఉంది.